అవయవదానం: ఆ ప్రశ్నలన్నీ ఎందుకు అడుగుతారు?

(అవయవదాన దినోత్సవం సందర్భంగా మన జోనల్ కార్యాలయంలో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది నన్ను డాక్టరుగా కాదు, ఫలానా మేనేజరు గారి భార్యగా ఎరుగుదురు. మా వారు ఈ బ్యాంకులోనే 31 ఏళ్ళు పనిచేశారు. ఆయనకు ఆర్డరు వచ్చినప్పుడల్లా నేనూ ప్రభుత్వాసుపత్రుల్లో బదిలీ అడుక్కుంటూ వెంట తిరిగాను. నేను చేసింది మైక్రోబయాలజీ. అంటే రోగిని చూసే డాక్టరుని కాను. రోగి రక్తం, మూత్రం, కళ్ళె, చీము చూసే డాక్టరుని. భోజనాలకు ముందు ఈ మాటలు అంటున్నందుకు ఏమీ అనుకోకండి.

అవయవదానం చేయండి అని చెప్పే ప్రసంగాలు మీరు చాలా విని ఉంటారు. నేను అది చెప్పడానికి రాలేదు. చేస్తామని ఒప్పుకున్న తర్వాత ఏం జరుగుతుందో, అందులో ఇంటివాళ్ళ పాత్ర ఏమిటో చెప్పాలని వచ్చాను. ఐసీయూ బయట ఒక గదిలో కోఆర్డినేటరు కుటుంబాన్ని కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఈ మధ్య కుక్క గానీ కోతి గానీ కరిచిందా? ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా? టీబీ మందులు వాడారా? రక్తం ఎక్కించారా? పచ్చబొట్టు ఎప్పుడు పొడిపించుకున్నారు? మత్తు ఇంజెక్షన్లు అలవాటుందా? బయట సంబంధాలు ఉన్నాయా? జైల్లో ఉన్నారా?

అప్పటికే కుమిలిపోతున్న మనిషికి ఈ ప్రశ్నలు ఎలా తగులుతాయో ఊహించుకోండి. "మా పిల్లవాణ్ణే ఇచ్చేస్తున్నాం కదమ్మా, ఇంకా ఈ ఆరాలన్నీ ఎందుకు?" అని ఒక తండ్రి అడగడం నేను చెవులారా విన్నాను. ఆయనకు ఆ గదిలో జవాబు చెప్పడం చాలా కష్టం. ఎవరికీ ఏమీ కానప్పుడు, ఇలాంటి హాల్లో కూర్చుని చెప్పుకోవలసిన జవాబు అది.

ముందు అసలు సంగతి. కొత్త అవయవం పెట్టాక, శరీరం దాన్ని పరాయిదని గుర్తించి దాడి చేయకుండా గ్రహీతకు మందులిచ్చి రోగనిరోధక శక్తిని తగ్గిస్తారు. అంటే ఇంటి కాపలావాణ్ణి మనమే నిద్రపుచ్చుతున్నాం. ఆ సమయంలో అవయవంతో పాటు ఒక వైరస్సో, బాక్టీరియానో లోపలికి వెళ్ళిందంటే అడ్డుకునేవాడు ఉండడు. దాత ఒంట్లో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న క్రిమి కూడా కొత్త ఒంట్లో నిద్ర లేస్తుంది. అందుకే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, సైటోమెగలో వైరస్ లాంటి వాటికి దాత రక్తం పరీక్ష చేస్తాం. రక్తం, మూత్రం కల్చరుకు పెడతాం. మన దగ్గర మలేరియా, అవసరమైతే డెంగీ కూడా చూస్తాం.

వీటన్నిటికీ సమయం ఎంత? 1994 నాటి చట్టం ప్రకారం బ్రెయిన్ డెడ్ అని నలుగురు డాక్టర్ల బృందం నిర్ధారించాలి. ఒకసారి కాదు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు. ఆ 6 గంటలు ఐసీయూ వాళ్ళకు నిరీక్షణ, మా ల్యాబ్‌కు పరుగు. అర్ధరాత్రి ఫోన్ మోగితే మా వారు "మీ వాళ్ళే" అని దుప్పటి ముసుగు తన్నేవారు.

పరీక్ష చేశాం, నెగెటివ్ వచ్చింది. ఇక భయం లేదని చెప్పొచ్చా? చెప్పలేం. బ్యాంకు వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లావాదేవీ జరిగిపోయింది, పాస్‌బుక్కులో ఎంట్రీ ఇంకా పడలేదు. పాస్‌బుక్కు చూసినవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన రోజుకీ, మా పరీక్షకు చిక్కే రోజుకీ మధ్య ఉన్న ఆ ఖాళీని విండో పీరియడ్ అంటాం. యాంటీబాడీలు వెతికే పరీక్షకు హెచ్ఐవీ దొరకాలంటే సుమారు 3 వారాలు పడుతుంది. హెపటైటిస్ సి అయితే రెండు నెలలు దాటుతుంది. న్యాట్ అనే పరీక్ష ఒకటుంది. అది యాంటీబాడీ కోసం చూడదు, నేరుగా వైరస్ జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. దాంతో హెచ్ఐవీకి 5 నుంచి 10 రోజులు, హెపటైటిస్ సికి వారం రోజుల లోపు చాలు. కానీ అది ఖరీదైనది, అన్ని చోట్లా లేదు, దాంతో కూడా ఖాళీ పూర్తిగా పోదు.

2007లో అమెరికాలోని చికాగోలో ఇదే జరిగింది. ఒక దాత రక్తంలో యాంటీబాడీ పరీక్షలన్నీ నెగెటివ్. ఆ అవయవాలు పొందిన నలుగురికీ హెచ్ఐవీ, హెపటైటిస్ సి రెండూ వచ్చాయి. దాచి ఉంచిన నమూనాకు తర్వాత న్యాట్ చేస్తే వైరస్ కనిపించింది. దాత జీవితంలో రిస్కు ఉందన్న సమాచారం మాత్రం ముందే వాళ్ళ దగ్గర ఉంది. అంటే పరీక్ష చూపించలేని దాన్ని ఆ మనిషి కథ చూపించింది. ఇలాంటి సమాచారం ఉంటే మేం న్యాట్ కోసం పట్టుబడతాం. గ్రహీతకు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే ముందుకు వెళతాం. పెట్టాక కూడా నెలల తరబడి కనిపెట్టి ఉంటాం. మేం ఏ పరీక్ష చేయాలో నిర్ణయించేది చాలాసార్లు ఇంటివాళ్ళ నోటి నుంచి వచ్చే ఒక మాట.

మన రోడ్ల సంగతి మీకు తెలుసు. మన దగ్గర దాతల్లో చాలామంది రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవాళ్ళు. రక్తం పోతుంది. మొదటి ఆసుపత్రిలో సెలైన్లు, రక్తం బాటిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కిస్తారు. అది తప్పనిసరి వైద్యం. కానీ ఆ తర్వాత మేం తీసే రక్తం సగం ఆ మనిషిది కాదు. చారులో నీళ్ళు పోసినట్టు యాంటీబాడీలు పలచబడి, ఉన్న జబ్బు లేనట్టు కనిపించవచ్చు. లేదా ఎక్కించిన రక్తంలోని యాంటీబాడీల వల్ల లేని జబ్బు ఉన్నట్టూ కనిపించవచ్చు. అందుకని రక్తం ఎక్కించక ముందు తీసిన నమూనా కోసం వెతుకుతాం. మొదట చేర్చిన ఆసుపత్రికి ఫోన్ చేసి, ఫ్రిజ్‌లో ఆ ట్యూబు ఉందా అని అడుగుతాం. అప్పుడు కుటుంబంలో ఒకరు "ఫలానా ఊళ్ళో, ఫలానా నర్సింగ్ హోమ్‌లో ముందు చూపించాం, తెల్లవారుజామున రెండు బాటిళ్ళు ఎక్కించారు" అని కచ్చితంగా చెప్పగలిగితే మాకు ఎంత మేలో చెప్పలేను.

ఒక చిన్న పక్కదారి. బ్యాంకులో మీకు మేకర్, చెకర్ అని ఇద్దరుంటారు కదా. 2011 ఆగస్టులో తైవాన్‌లో దాతకు హెచ్ఐవీ రిపోర్టు రియాక్టివ్ అని వచ్చింది. ఆ మాట ఫోన్లో చెప్పారు. అవతలి మనిషికి నాన్ రియాక్టివ్ అని వినిపించింది. కాగితంతో సరిచూసినవాళ్ళు లేరు. అయిదుగురికి ఆ అవయవాలు పెట్టేశారు. ఆ అబ్బాయికి హెచ్ఐవీ ఉన్నట్టు తల్లికి కూడా తెలియదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఇంటివాళ్ళకు తెలియనిది ల్యాబ్‌కు తెలియాలి, ల్యాబ్‌కు అందనిది ఇంటివాళ్ళు చెప్పాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు కుక్క కాటు దగ్గరికి వద్దాం. కోఆర్డినేటరు ఈ ప్రశ్న అడిగితే చాలామందికి విడ్డూరంగా ఉంటుంది. బండి మీంచి పడి చనిపోతున్న మనిషికి కుక్క సంగతి ఎందుకు? ఎందుకంటే రేబిస్‌కు మేం చేసే మామూలు పరీక్షల్లో చోటు లేదు. లక్షణాలు రాకముందు రక్తం తీసి "రేబిస్ ఉంది, లేదు" అని గంటల్లో చెప్పే పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు. మా దగ్గరున్న ఒకే ఒక్క పరికరం ఆ ప్రశ్న.

2004 చివర్లో జర్మనీలో ఒక యువతి చనిపోతే కుటుంబం అవయవదానానికి ఒప్పుకుంది. ఆమె కొన్ని వారాల ముందు ఇండియా వచ్చి వెళ్ళింది. ఇక్కడ కుక్క కరిచింది. ఆమె లక్షణాలకు వేరే కారణం ఉందనుకున్నారు. అవయవాలు ముగ్గురికి, కాలేయం ఇంకొకరికి, కార్నియాలు ఇద్దరికి పెట్టారు. 2005లో ఊపిరితిత్తులు పొందినవారు, కిడ్నీ పొందినవారు, కిడ్నీతో పాటు క్లోమం పొందినవారు, ముగ్గురూ రేబిస్‌తో చనిపోయారు. కాలేయం పొందిన మనిషి బతికారు. ఎందుకో తెలుసా? ఎన్నో ఏళ్ళ క్రితం వేరే సందర్భంలో రేబిస్ టీకా వేయించుకున్నారు. ఆ పాత టీకా కాపాడింది. కార్నియాలను వెనక్కి తీసేసి, టీకాలిచ్చి ఆ ఇద్దరినీ నిలబెట్టారు.

అమెరికాలో ఇంకొకటి. 2011లో చనిపోయిన ఒకాయన అవయవాలు నలుగురికి పెట్టారు. 17 నెలల తర్వాత, 2013లో, మేరీల్యాండ్‌లో కిడ్నీ పొందిన ఒకరు రేబిస్‌తో చనిపోయారు. అప్పుడు వెనక్కి వెళ్ళి దాత ఇంటివాళ్ళను అడిగితే, రకూన్ అనే జంతువు ఆయన్ను రెండుసార్లు కరిచిందనీ, డాక్టరుకు చూపించుకోలేదనీ తెలిసింది. మిగతా ముగ్గురికి వెంటనే టీకాలిచ్చారు, ముగ్గురూ బతికారు. ఈ విషయం ఏ ప్రయోగశాలా కనిపెట్టలేదు. ఆయనతో కలిసి తిరిగినవాళ్ళ జ్ఞాపకంలో ఉంది.

మన వీధుల్లో కుక్కలెన్నో మీకు చెప్పనక్కర్లేదు. "చిన్న గీత పడింది, పసుపు అద్దాం" అంటారు. "రెండు ఇంజెక్షన్లు చేయించాం, మూడోదానికి వెళ్ళడం కుదరలేదు" అంటారు. అడిగినప్పుడు ఈ చిన్న గీత కూడా చెప్పాలి. కాటు సంగతి చెప్పగానే ఎవరినీ పక్కన పెట్టేయరు. ఎప్పుడు, ఎక్కడ, టీకాలు పూర్తయ్యాయా అన్నది చూసి నిర్ణయిస్తారు. అలాగే జ్వరంతో మొదలై, మెదడువాపుగా మారి, కారణం తేలకుండానే బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ అవయవాలు సాధారణంగా తీసుకోరు. అప్పుడు కుటుంబాలు "మేం ఇస్తామన్నా వద్దన్నారు" అని బాధపడతారు, కొందరు ఆసుపత్రి మీద కోపగించుకుంటారు. కారణం తెలియని జ్వరాన్ని ఇంకో నలుగురి ఇళ్ళకు పంపకూడదన్నదే ఆ "వద్దు"లో ఉన్న అర్థం.

కామెర్ల ప్రశ్నా అంతే. మన పల్లెల్లో కామెర్లకు పసరు వేయిస్తారు, చేతి మీద వాత పెట్టిస్తారు. తగ్గిపోతుంది. కాగితం ఉండదు, డాక్టరు ఉండడు, పదేళ్ళ తర్వాత ఎవరికీ గుర్తుండదు. చిన్నప్పుడు కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చిన కామెర్లయితే చాలావరకు గొడవ లేదు. హెపటైటిస్ బి అయితే అది తగ్గిపోయినట్టు కనిపించినా కాలేయంలో అణగి ఉంటుంది. ఆ కాలేయం ఇంకొకరికి పెడితే మళ్ళీ లేస్తుంది. దానికి ప్రత్యేకంగా చేసే కోర్ యాంటీబాడీ పరీక్ష ఉంది. పాజిటివ్ వచ్చినా, గ్రహీతకు రోజూ వేసుకునే మాత్రతో దాన్ని అదుపులో పెట్టే దారీ ఉంది.

టీబీ గురించి రెండు మాటలు చెప్పకపోతే నేను ఈ దేశపు మైక్రోబయాలజిస్టుని కాను. దాత ఊపిరితిత్తిలో పాత మచ్చ ఉంటే, పూర్తి కోర్సు వాడారా, మధ్యలో ఆపేశారా అన్నదే పెద్ద ప్రశ్న. టీబీ వచ్చిన గ్రహీతకు వైద్యం చేయడం కత్తి మీద సామే. టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్, కొత్త కిడ్నీని కాపాడే టాక్రోలిమస్ మందును ఒంట్లో నిలవనివ్వదు. ఒకటి కాపాడబోతే ఇంకొకటి చేజారుతుంది. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని టీబీ సంగతి దాచుకునే ఇళ్ళు నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో దాచుకున్నా, ఐసీయూ బయట మాత్రం దాచకండి. అక్కడ చెప్పింది ఫైలు దాటి బయటికి రాదు.

ఇంతసేపూ చనిపోయినవాళ్ళ సంగతే చెప్పాను. మన దేశంలో మార్పిడులు బాగా పెరిగాయి. ఆరోగ్య శాఖ లెక్కల్లో 2013లో 5,000 లోపు ఉన్నవి 2023లో 18,000 దాటాయి. వాటిలో ఎక్కువ భాగం బతికున్నవాళ్ళు ఇచ్చినవే. ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, పుచ్చుకునేవాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ. దీని మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది గానీ, అది వేరే ప్రసంగం, మా వారు కూడా ఇక్కడే కూర్చున్నారు.

బతికున్న దాతకు పరీక్షలు చేయడానికి కావలసినంత సమయం ఉంటుంది. కానీ ఆ సమయమే ఒక్కోసారి ముప్పు. న్యూయార్క్‌లో 2009లో ఒక కిడ్నీ దాతకు ఆపరేషనుకు 79 రోజుల ముందు హెచ్ఐవీ పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది. మళ్ళీ చేయలేదు. ఆ మధ్యలో దాతకు సోకింది, గ్రహీతకు చేరింది. ఆ తర్వాతే, ఆపరేషనుకు ముందు వారం రోజుల లోపు పరీక్ష మళ్ళీ చేయాలని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ చెప్పింది. మీ ఇంట్లో ఎవరైనా దాతగా సిద్ధమవుతుంటే, "మొన్ననే చేశాం కదా, మళ్ళీ సూది ఎందుకు, మళ్ళీ బిల్లు ఎందుకు?" అనకండి.

దాతతో డాక్టరు ఒంటరిగా మాట్లాడతారు. ఆ గదిలోకి భర్త రాకూడదు, అత్తగారు రాకూడదు, చెల్లెలి కిడ్నీ కోసం ఎదురుచూస్తున్న అన్నగారు అసలే రాకూడదు. ఆమె నిజంగా ఇష్టపడే ఇస్తోందా అన్నది అడగాలి. ఎవరి ముందూ చెప్పలేనిది ఏదైనా ఉంటే చెప్పనివ్వాలి. పరీక్షలో ఏదైనా బయటపడితే ముందు ఆ మనిషికే చెబుతారు. హెచ్ఐవీ విషయంలో అయితే 2017 చట్టం గోప్యతకు గట్టి రక్షణ ఇచ్చింది. కుటుంబానికి మాత్రం "వైద్యపరంగా ఈమె దాతగా సరిపోరు" అని ఒక్క మాట చెబుతారు. ఆ మాట విన్నాక "ఎందుకు సరిపోదు? ఏముంది నీకు?" అని ఇంటికెళ్ళి నిలదీసిన సంసారాలు ఏమయ్యాయో నేను చూశాను. సరిపోరు అనడానికి యాభై కారణాలుంటాయి. రక్తపోటు, కిడ్నీలో రాయి, రక్తనాళాల అమరిక, ఏదైనా కావచ్చు. అక్కడితో ఆగండి. కావాలంటే ఆమెకు ఇష్టమైనప్పుడు ఆమే చెబుతుంది.

ఇంత విన్నాక మీలో కొందరికి, ఈ మార్పిడులు ఇంత ప్రమాదమా, మా అన్నయ్య డయాలసిస్ మీదున్నాడు, వద్దనాలా అనిపించవచ్చు. అలా అనుకోకండి. పరీక్షలు సరిగా జరిగే అమెరికా లాంటి చోట్ల దాత నుంచి అనుకోకుండా జబ్బు సోకడం నూటికి ఒకరి కంటే తక్కువ. అవయవం దొరక్క వెయిటింగ్ లిస్టులోనే పోయేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. డాక్టరు ఈ రెండు రిస్కులనూ తూకం వేస్తారు. అప్పు ఇచ్చేటప్పుడు మీరూ అదే చేస్తారు కదా, రిస్కు లేని లోను ఏ బ్రాంచిలోనూ ఉండదు.

పాజిటివ్ అన్న ముద్ర పడితే చెత్తబుట్టే అన్న రోజులు కూడా పోతున్నాయి. హెపటైటిస్ సి ఉన్న దాత కిడ్నీలను ఒకప్పుడు తీసుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు 12 వారాలు మాత్రలు వేసుకుంటే ఆ వైరస్ పోతుంది. ఆ మాత్రలు మన దేశంలోనే చవగ్గా తయారవుతున్నాయి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. అందుకే కొన్ని దేశాల్లో, గ్రహీతకు చెప్పి, ఒప్పుకుంటే అలాంటి కిడ్నీలు పెట్టి తర్వాత మాత్రలు ఇస్తున్నారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఎల్మి ముల్లర్ అనే సర్జన్ 2008లోనే హెచ్ఐవీ ఉన్న దాతల కిడ్నీలను హెచ్ఐవీ ఉన్న రోగులకే పెట్టడం మొదలుపెట్టారు. అక్కడ ఆ రోగులకు డయాలసిస్ దొరకడమే గగనం. ఇక సైటోమెగలో వైరస్ సంగతంటారా, మన దేశంలో పెద్దవాళ్ళలో పదిమందిలో తొమ్మిది మందికి పైగా అది ఒకప్పుడు సోకినదే. అది ఉందని ఎవరినీ కాదనరు, ఏ మందు ఎన్నాళ్ళివ్వాలో తెలుసుకోవడానికే ఆ పరీక్ష. కాబట్టి ఇంటివాళ్ళు ఒక నిజం చెప్పినంత మాత్రాన దానం ఆగిపోతుందని భయపడనక్కర్లేదు. ఆగిపోయేవి తక్కువ. గ్రహీతను ఎంచుకోవడం, మందు మార్చడం, టీకా ఇవ్వడం ఎక్కువ.

ఇంకొక విషయం. అన్ని రిపోర్టులూ ఆపరేషను లోపు రావు. గుండె బయట 4 నుంచి 6 గంటలే ఆగుతుంది, కిడ్నీ ఒక రోజు ఆగుతుంది. కల్చరు రిపోర్టుకు కనీసం రెండు రోజులు కావాలి. ఐసీయూల్లో మందులకు లొంగని బాక్టీరియా మన పెద్ద సమస్య. దాత రక్తంలో అలాంటిది పెరిగిందని మాకు మూడోరోజు తెలిస్తే, ఆ అవయవాలు ఏయే ఆసుపత్రులకు వెళ్ళాయో అక్కడికి అదే నిమిషం కబురు వెళ్ళాలి. అక్కడ యాంటీబయాటిక్ మార్చాలి. నా ఉద్యోగంలో నేను ఎక్కువ గంభీరంగా చేసిన పని ఆ ఫోన్లు చేయడమే. చెప్పడమే కాదు, అవతలి వాళ్ళతో తిరిగి చదివించుకునేదాన్ని. తైవాన్ సంగతి మర్చిపోలేదు.

ఇదే తలుపు మీకూ తెరిచే ఉంటుంది. ఆ రాత్రి ఏడుపుల్లో గుర్తురాని సంగతి మూడోరోజునో, పెద్దకర్మ నాడో గుర్తొస్తుంది. "అరే, మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కుక్క పట్టింది కదూ" అని ఎవరో అంటారు. ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకోకండి. కోఆర్డినేటరు నంబరుకు ఫోన్ చేయండి. అమెరికాలో ఆ ముగ్గురు బతికింది 17 నెలల తర్వాత తెలిసిన సమాచారంతో.

ఇంటికెళ్ళి ఒక పని చేయండి. మీ ఇళ్ళలో నామినేషన్ కాగితాలు, పాలసీలు పెట్టుకునే ఫైలు ఉంటుంది కదా. బ్యాంకు ఇళ్ళలో ఆ ఫైలు తప్పకుండా ఉంటుంది, మాకూ ఉంది, దాన్ని నన్ను ముట్టుకోనివ్వరు. అందులో ప్రతి మనిషికీ ఒక తెల్ల కాగితం చేర్చండి. బ్లడ్ గ్రూపు, ఎప్పుడైనా వచ్చిన కామెర్లు, టీబీ, వాడిన కోర్సు, రక్తం ఎక్కించిన సందర్భం, కుక్క కాటు, వేయించిన టీకాల తేదీలు, రోజూ వేసుకునే మందులు. పిల్లలు హాస్టళ్ళలో ఉంటే వాళ్ళనీ అడిగి రాయండి. విసుక్కుంటారు, అయినా అడగండి. హెపటైటిస్ బి టీకా పెద్దవాళ్ళు చాలామంది వేయించుకోలేదు, అది వేయించుకోండి. ఇంట్లో డయాలసిస్ చేయించుకునేవాళ్ళుంటే ఈ టీకా వాళ్ళకు ముందు కావాలి, మోతాదు వేరుగా ఉంటుంది, వాళ్ళ డాక్టరు చెబుతారు.

అవయవదానానికి పేరు నమోదు చేయాలనుకునేవాళ్ళు నోట్టో వెబ్‌సైట్‌లో ఆధార్‌తో చేసుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన జీవన్‌దాన్ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ వేర్వేరుగా నడుస్తోంది. అయితే మీరు సంతకం చేసినా ఆ రోజు మీ ఇంటివాళ్ళ అనుమతి అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేదీ వాళ్ళే. కార్డు పర్సులో పెట్టుకుని ఇంట్లో చెప్పకుండా ఉంటే ఆ కార్డుతో పనేమీ లేదు.

చివరగా నేత్రదానం. ఇది బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళే కాదు, ఇంట్లో మామూలుగా కన్నుమూసిన 80 ఏళ్ళ తాతగారు కూడా చేయవచ్చు. ఇక్కడ కూడా పరీక్ష ఉంటుంది. ఐ బ్యాంకు వాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు కళ్ళతో పాటు కొద్దిగా రక్తం కూడా తీసుకుంటారు. "పోయిన మనిషిని ఇంకా సూదులతో పొడుస్తారా?" అని బంధువుల్లో ఎవరో ఒకరు అరుస్తారు, ఆ పెద్దాయన్ని కాస్త పక్కకి తీసుకెళ్ళండి. హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ చూడకుండా కార్నియా ఎవరికీ పెట్టరు. కుక్క కాటు ప్రశ్న అక్కడా అడుగుతారు. ఒకే దాత కార్నియాలు పెట్టుకున్న ఇద్దరు రేబిస్‌తో చనిపోయారని 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చిన రిపోర్టు మన దేశం నుంచి వెళ్ళినదే.

మరణించిన 6 గంటల లోపు కళ్ళు తీయాలి కాబట్టి ఫోన్ ముందు చేయండి, మిగతావి తర్వాత. వాళ్ళు వచ్చేలోగా గదిలో ఫ్యాను ఆపేయండి, ఏసీ ఉంటే వేయండి. కనురెప్పలు మూసి తడి దూది పెట్టండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చేయండి. చివరిసారి ఆసుపత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితం, ఇందాక చెప్పిన ఆ తెల్ల కాగితం తీసి టేబుల్ మీద ఉంచండి. వాళ్ళు ముందు అవే అడుగుతారు.

మీరు ప్రశ్నలు చీటీల మీద రాసిచ్చారు. పేర్లు చదవను. కొన్ని అందరి ముందూ చెప్పేవి కావు, వాళ్ళు భోజనాల తర్వాత నా దగ్గరికి రండి, నేను బస్సు టైము దాకా ఇక్కడే ఉంటాను.